నవ్వించిన స్లైడు

అతను బస్సు దిగేసరికి బావ స్టాండు బయట స్కూటరు మీద కూర్చుని చెయ్యి ఊపుతున్నాడు. బట్టల సంచీ లాక్కుని కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ బ్యాగు కోసం కూడా చెయ్యి చాపాడుగానీ అతను ఇవ్వలేదు.

"దాన్నెందుకు ఇస్తావులే, నీ ప్రాణమంతా అందులోనే ఉంటుంది," అన్నాడు బావ. "ఎక్కు మైకూ."

మైకు అన్నది బావ పెట్టిన పేరే. అతను సభల్లో మాట్లాడడం మొదలుపెట్టిన కొత్తలో ఏడిపించడానికి పెట్టాడు. అది ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. అక్క కూడా బాగా కోపం వచ్చినప్పుడు తప్ప అసలు పేరు పెట్టి పిలవదు.

స్కూటరు నాలుగు తన్నులు తన్నించుకుని మేలుకుంది. ఒళ్లంతా వణుకుతూ పొగ కక్కింది. అతను ఎక్కి కూర్చుని, ఇక పోనివ్వమన్నట్టు బావ భుజం తట్టాడు. బావ కదల్లేదు.

"తొందరపెట్టకు. కాస్త ఊపిరి తీసుకోనివ్వు."

అతను బావ భుజం మీంచి చెయ్యి తీసేశాడు. సరిగ్గా ఆ మాటే అతని ల్యాప్‌టాప్‌లో, మర్నాడు మధ్యాహ్నం సభలో వెయ్యబోయే స్లైడు మీద ఉంది.

ఇంజను చప్పుడు సాఫీ అయ్యాక బావ బండి ముందుకు దూకించాడు. తల కాస్త వెనక్కి తిప్పి, రేపు సెలవు పెట్టానని చెప్పాడు. తనొక్కడే కాదు, వాళ్ల ఆఫీసు పెద్దాయన కూడా వస్తానన్నాడట. బావమరిది మాట్లాడుతున్నాడని ఆఫీసంతా చాటేశాడట, పరువు తియ్యొద్దట. అతను వెనక కూర్చుని నవ్వినట్టు చప్పుడు చేశాడు. అద్దంలో ముఖం కనిపించనందుకు సంతోషించాడు.

ఇప్పుడు సాఫ్ట్‌వేరంతా కంటెయినర్లలో నడుస్తోంది. ఒక్కో పని ఒక్కో పెట్టెలో ఉంటుంది. ఏ పెట్టె ముందు లేవాలి, ఏది దేనితో మాట్లాడాలి అన్నదంతా రాసి ఒక మూట కట్టి పెట్టుకుంటే ఒక్క కమాండుతో ఎక్కడ కావాలంటే అక్కడ దించుకోవచ్చు. ఆ మూటనే ప్యాకేజీ అంటారు. మూట కట్టే సాధనం ఓపెన్ సోర్సు, అంటే ఎవరి సొంతమూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగుచేసి పంపొచ్చు. అలా పంపినవాటిని చూసి మంచిచెడ్డలు తేల్చే కొద్దిమందిలో అతనొకడు. తేల్చడం ఈమధ్య తగ్గింది, దాని గురించి ఊరూరా తిరిగి మాట్లాడడం ఎక్కువైంది.

బావది ఊరి నీటి సరఫరా ఆఫీసు. ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలో చెప్పే సాఫ్ట్‌వేరును చూసుకునేది బావ ఒక్కడే. దానికి తనే కష్టపడి ప్యాకేజీ కట్టి, అందరూ పెట్టినట్టే నలుగురికీ కనిపించేలా నెట్‌లో పెట్టాడు. పెట్టి, బావమరిదికి లింకు పంపాడు. తీరిక చూసుకుని రెండు మాటలు చెప్పమన్నాడు.

అతనికి తీరిక దొరికింది స్లైడ్లు తయారు చేసుకుంటున్నప్పుడు. "ఇలా మాత్రం చెయ్యకండి" అన్న భాగానికి మంచి ఉదాహరణ దొరక్క జుట్టు పీక్కుంటుంటే బావ లింకు గుర్తొచ్చింది. ఒకే అడ్రసు మూడు చోట్ల రాసి ఉంది. సెట్టింగులు ఇష్టమొచ్చిన వరసలో ఉన్నాయి. మధ్యలో ఒక లైను, మొత్తం పనంతా నిలిపేసి కొన్ని నిమిషాలు ఊరికే కూర్చోమంటోంది. ఆ లైను పైన బావ కామెంటు, అంటే చదివేవాళ్ల కోసం రాసిన మాట: "దీన్ని తొందరపెట్టకండి. కాస్త ఊపిరి తీసుకోనివ్వండి." అతను గదిలో ఒక్కడే పడీపడీ నవ్వాడు. ఆ ముక్కను ఫొటో తీసి, పేరున్న చోట నల్లగా పులిమి, స్లైడు మీద అతికించాడు. బావకు జవాబు మాత్రం రాయలేదు.

అప్పటికి అందులో తప్పేమీ కనిపించలేదు. మనం విమర్శించేది కోడును, మనిషిని కాదు అన్నది వాళ్ల లోకంలో అందరూ వల్లించే నియమం. అతనూ ఎన్నోసార్లు వేదిక మీద నుంచి వల్లించాడు.

ఇంట్లో అక్క బల్ల నిండా పరీక్ష పేపర్లు పరుచుకుని దిద్దుతోంది. ఎర్ర పెన్ను చెవి వెనక పెట్టుకుని వచ్చి, తమ్ముడి చెంప నిమిరి, చిక్కిపోయావంది. మార్కులు గడువులోగా ఇవ్వాలి కాబట్టి రేపు రాలేనని, ఎల్లుండి సాయంత్రం వీడియో టీవీలో పెట్టుకుని అందరం కలిసి చూద్దామని చెప్పింది. కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న అత్తయ్య, అంటే బావ తల్లి, ఎవరొచ్చారో గొంతును బట్టి పోల్చుకుంది. ఆమెకు చూపు సరిగా ఆనదు.

భోజనాల దగ్గర బావ అసలు సంగతి బయటపెట్టాడు. ఈ పనంతా బయటి కంపెనీకి అప్పగిద్దామా అని పెద్దాయన ఊగిసలాడుతున్నాడట. అప్పగిస్తే బావను మళ్లీ బిల్లుల కౌంటరుకు పంపేస్తారు.

"నేను చేసింది పిచ్చిపని కాదని, లోకమంతా ఇలాగే చేస్తోందని ఆయన కళ్లతో చూస్తే చాలు. అందుకే లాక్కొస్తున్నాను," అన్నాడు బావ. తర్వాత కంచంలోకి చూస్తూ, "నాది చూశావా?" అని అడిగాడు.

"చూశాను బావా. బాగుంది."

"వీడు బాగుందన్నాడంటే మాటలు కాదమ్మా," అన్నాడు బావ తల్లితో. నవ్వాడు. బావ నవ్వితే చప్పుడు రాదు, భుజాలు ఊగుతాయంతే.

భోజనం కాగానే ముందుగదిలో ల్యాప్‌టాప్ తెరిచి ఆ స్లైడు తీసేశాడు. దాని చోట తనే ఒక తప్పుల ప్యాకేజీ అల్లి పెట్టాడు. గొణుక్కుంటూ ఒకసారి చెప్పి చూసుకున్నాడు. చప్పగా ఉంది. అయినా మనసు కుదుటపడింది.

మర్నాడు హాలు వెనక, వక్తల గదిలో నిర్వాహకురాలు అతని ల్యాప్‌టాప్‌కు తీగలు తగిలించి స్లైడ్లు ఒక్కొక్కటే చూసింది. ముందే పంపిన ప్రతి ఆమె దగ్గర ఉంది. మధ్యలో ఆగి, ఆ ఊపిరి స్లైడు ఏమైందని అడిగింది. తీసేశానన్నాడు. ఆమె నొచ్చుకుంది. దాన్ని చూసి తమ బృందమంతా కడుపుబ్బ నవ్వామని, భోజనాల తర్వాత హాలు మొత్తం కునికిపాట్లు పడుతుందని, ఆ ఒక్క స్లైడు ఉంటే లేచి కూర్చుంటారని చెప్పింది.

"మీ ప్రసంగానికి ప్రాణం అదేనండీ," అంది.

అతనికి లోపల ఏదో పొంగింది. పేరు పులిమేశాం కదా అనుకున్నాడు. పెద్దాయన ఏనాడూ కోడు ముఖం చూసి ఉండడు. ఇక బావ అంటారా, బావే ఊరందరినీ ఏడిపిస్తాడు, బావమరిది ఓ పూట ఏడిపిస్తే ఏం పోయింది? ఇలా ఒక్కొక్కటే సర్ది చెప్పుకుని స్లైడు మళ్లీ పెట్టేశాడు. తీసెయ్యడానికి పూటంతా తర్జనభర్జన పడ్డవాడికి పెట్టడం చిటికెలో పని అయింది.

హాలు నిండింది. బావ మడత నలగని చొక్కాలో, జేబుకు పెన్ను పెట్టుకుని, ముందు వరసల్లోనే కూర్చున్నాడు. పక్కన బట్టతల పెద్దాయన. బావ వేదిక వైపు చూపించి ఆయన చెవిలో ఏదో చెబుతున్నాడు. అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మొదటి మాటకే గొంతు పట్టు దొరికింది. ప్యాకేజీ ఎందుకు కట్టాలి, సెట్టింగులు ఒక్కచోటే ఎందుకు ఉండాలి, పాత వెర్షనుకు వెనక్కి వెళ్లే దారి ఎందుకు ఉంచుకోవాలి అన్నవన్నీ నీళ్లు తాగినంత తేలిగ్గా వచ్చాయి. బావ ప్రతిదానికీ తల ఊపుతున్నాడు. పెద్దాయన అప్పుడప్పుడూ బావ వైపు తిరిగి కనుబొమలెత్తుతున్నాడు, ఫరవాలేదే అన్నట్టు.

అప్పుడు ఆ స్లైడు వచ్చింది.

కామెంటును చదవాలని మాత్రమే అనుకున్నాడు. కానీ హాల్లో ఎవరో ముందే కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అతన్ని లాక్కుపోయింది. చదవకుండా నటించాడు. అక్షరాలు సాగదీస్తూ, ఒక చెయ్యి ఎత్తి, "దీన్ని తొందరపెట్టకండీ... కాస్త ఊపిరి తీసుకోనివ్వండీ," అన్నాడు, అచ్చం బావ అన్నట్టే. హాలు గొల్లుమంది. ఊరుకోకుండా ఇంకోటి తగిలించాడు: "ఈయన నడుపుతున్నది సర్వరా, ఆస్పత్రా?"

వెనక వరసల్లో చప్పట్లు. పెద్దాయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. బావ ముఖం మీది చిరునవ్వు ఉన్నచోటే ఉండిపోయింది. తర్వాత బావ కూడా నవ్వాడు. మోకాలు చరుచుకుంటూ, నోరు తెరిచి, పక్కవాళ్లందరి కంటే గట్టిగా, వాళ్లు ఆపేశాక కూడా కాసేపు నవ్వాడు. బావ గొంతులోంచి నవ్వు చప్పుడు రావడం అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

తర్వాతి స్లైడు మీద ఏముందో అతనికి కనిపించలేదు. నోరు దాని దారిన అది చెప్పుకుపోయింది.

అయిపోయాక జనం చుట్టుముట్టారు. చేతులు కలిపారు, భుజం తట్టారు. అందరూ అదే స్లైడు పేరెత్తారు. బావ ఆ గుంపు తగ్గేదాకా గోడ పక్కన నిలబడి, పెద్దాయన్ను తీసుకొచ్చి పరిచయం చేశాడు. ముగ్గురూ ఫొటో దిగారు. పెద్దాయన ఇంకా నవ్వు ముఖంతోనే ఉన్నాడు.

"ఆ ఊపిరి గొడవ భలే చెప్పావయ్యా," అని, బావ వైపు తిరిగి, "మన దాంట్లో అలాంటివేం లేవు కదా?" అన్నాడు.

"చూస్తాను సార్," అన్నాడు బావ.

చేతిలో కాగితపు కప్పు ఉంది. టీ ఎప్పుడో అయిపోయింది. బావ దాని అంచును గోటితో కొద్దికొద్దిగా చించుతున్నాడు.

సాయంత్రం స్కూటరు దగ్గర బావ కిక్కు కొట్టాడు. ఇంజను మేలుకుని వణికింది. ఈసారి బావ ఆగలేదు. వెంటనే గేరు వేసి కదిలించాడు. గేటు దాకా కూడా పోకుండా బండి ఆగిపోయింది. వెనక కార్లు హారన్లు కొట్టాయి. ఇద్దరూ దిగి బండిని పక్కకు తోశారు. అక్కడ, గోడవారన, అతను నోరు విప్పాడు.

"బావా, తప్పయిపోయింది. పేరు కనపడకుండా చేశాను గదా అనుకున్నా..."

"పేరు కనపడలేదు. బాగానే పులిమావు," అన్నాడు బావ. కోపంగా అనలేదు. "నాకో మాట ముందే చెప్పి ఉంటే, పెద్దాయన్ను తీసుకురాకుండా ఉండేవాణ్ణి."

ఆ లైను ఎందుకు పెట్టాడో బావే చెప్పాడు. వాళ్ల ఆఫీసుది పాత యంత్రం. డేటాబేసు పెట్టె మేలుకోవడానికి చాలాసేపు పడుతుంది. అది మేలుకోకముందే మిగతా పెట్టెలు లేచి అడిగితే ఖాళీ జవాబు వస్తుంది. ఒకసారి అలాగే వచ్చి, కొన్ని వీధులకు పొద్దంతా నీళ్లు రాలేదు. అది మేలుకుందో లేదో అడిగి చూసే వీలు మీ సాధనంలో పెట్టండని మీ పేజీలోనే రాశానన్నాడు. చాన్నాళ్లు ఎవరూ చూడలేదట. ఆఖరికి, ఎవరూ పట్టించుకోలేదు గనుక మూసేస్తున్నామని మెషీను దానంతటదే జవాబిచ్చిందట.

"ఇంకేం చెయ్యను? ఆగమని రాసుకున్నాను."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ మెషీను జవాబు రాసిపెట్టింది తనే. వచ్చిన విన్నపాలు చూసే ఓపిక లేక, పాతవన్నీ వాటంతటవే మూసుకుపోయేలా చేసి, ఆ ఉపాయం గురించి కూడా ఒక సభలో గొప్పగా మాట్లాడాడు. రేపు సభలో ఎవరైనా లేచి చెప్పుకునే చిన్న ప్రసంగాలున్నాయని, తను ఎక్కి, ఆ లైను సరైనదేనని, తప్పు తమ సాధనానిదేనని, రాసినాయన తన బావేనని అందరి ముందూ చెబుతానని అన్నాడు. చెబుతుంటేనే ఒంట్లో బరువు దిగుతున్నట్టనిపించింది.

బావ తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. ఇప్పుడు నీకూ నాకూ తెలుసు. రేపు నువ్వు చెబితే ఊరందరికీ తెలుస్తుంది. నీ మనసు తేలికపడుతుంది, బాగానే ఉంటుంది. నేను ఆయన పక్కన కూర్చుని అంత గట్టిగా నవ్వాను గదా, దానికేం చెప్పుకోను?"

అతను బ్యాగు పట్టీని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"మీ అక్కకు కూడా చెప్పకు," అన్నాడు బావ, మళ్లీ కిక్కు మీద కాలు పెడుతూ. ఇంజను నిదానించేదాకా ఇద్దరూ ఎదురుచూశారు.

రెండోరోజు అతను సభకు వెళ్లాడేగానీ ఏ ప్రసంగమూ బుర్రకెక్కలేదు. చిన్న ప్రసంగాల పేర్లు రాసే బోర్డు ముందు నుంచుని, పెన్ను మూత తీసి, పెట్టి, వచ్చేశాడు. నిర్వాహకురాలిని వెతికి పట్టుకుని వీడియోలో ఆ ముక్క తీసెయ్యడం కుదురుతుందా అని అడిగాడు. ఆమె ఆశ్చర్యపోయింది. వీడియో నిన్ననే పెట్టేశామని, ఆ ముక్కనే విడిగా కత్తిరించి అందరికీ పంపామని, జనం ఎగబడి చూస్తున్నారని సంబరంగా చెప్పింది. ఎందుకు తియ్యమంటున్నారని అడిగింది. కారణం చెప్పే హక్కు కూడా తనకు లేదని అప్పుడు తెలిసొచ్చింది. ఏదో నసిగి బయటపడ్డాడు. నడవాలో ఒక మూల నేల మీద కూర్చుని, మూసుకుపోయిన బావ విన్నపాన్ని వెతికి చదివాడు. ఎంతో మర్యాదగా, విడమరిచి రాసి ఉంది. దాన్ని మళ్లీ తెరిచాడు. అంతకు మించి చెయ్యగలిగింది కనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి బావ ఆఫీసు నుంచి వచ్చేసి, ఆరిన బట్టలు ఒళ్లో వేసుకుని మడతపెడుతున్నాడు. ఆఫీసులో ఎలా ఉందని అతను అడిగితే, బయటి కంపెనీవాళ్లను ఒకసారి వచ్చి చూడమన్నారని, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. తను వచ్చి పెద్దాయనతో మాట్లాడతానన్నాడు అతను, గొంతు తగ్గించి. "ఏమని?" అని మాత్రం అడిగాడు బావ.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి టీవీ ముందు కూర్చుంది. దిద్దాల్సిన పేపర్లన్నీ అయిపోయాయి, ముఖం వెలిగిపోతోంది. అత్తయ్య కుర్చీని దగ్గరగా జరిపించుకుంది. ఇప్పుడెందుకులే, తర్వాత చూడొచ్చులే అని అతను గొణిగాడు. ఈ సిగ్గు ఎప్పటి నుంచని అక్క ఎద్దేవా చేసింది. బావ కాస్త పనుందని లేవబోతే కూర్చోబెట్టింది.

టీవీలో అతను వేదిక ఎక్కాడు. అక్క నవ్వుముఖంతో ముందుకు వంగింది. అర్థమైనా కాకపోయినా ప్రతి మాటా వింటోంది. అతను నేల మీది గచ్చు పగుళ్లు చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికి వస్తుందో అతనికి తెలుసు. వచ్చింది.

"దీన్ని తొందరపెట్టకండీ... కాస్త ఊపిరి తీసుకోనివ్వండీ."

అక్క ఫక్కున నవ్వింది. అత్తయ్య కూడా బోసినోటితో నవ్వి చప్పట్లు కొట్టింది.

"అచ్చం మావాడే. ఆ సాగదీయడం, ఆ గొంతూ! నా కొడుకే మాట్లాడుతున్నాడనుకున్నాను."

అక్క నవ్వు సగంలో తెగిపోయింది. టీవీలో హాలు ఇంకా గొల్లుమంటోంది. సర్వరా, ఆస్పత్రా అని అతని గొంతు అడుగుతోంది. మళ్లీ నవ్వులు, వాటన్నిటి పైన ఒక గొంతు మరీ పెద్దగా నవ్వుతోంది. బావ ఒక చొక్కా మడతపెట్టి, విప్పి, మళ్లీ మొదటి నుంచి మడతపెడుతున్నాడు.

అత్తయ్య తల కాస్త పక్కకు వంచి వింది. కళ్లు ఆనవుగానీ ఆమె చెవులు చురుకు.

"వాడి మాటకు అందరూ ఎందుకలా నవ్వుతున్నారు?"

"ఏదో సరదాకమ్మా," అన్నాడు బావ.

అక్క వీడియో ఆపింది. తెర మీద ఆ లైనూ, పైన కామెంటూ, పక్కన నల్లటి పులుముడూ నిలిచిపోయాయి. పెదవులు కదుపుతూ చదువుకుంది. పేపర్లు దిద్దే మనిషికి రెండోసారి చదవాల్సిన పని లేకపోయింది. మొగుడి వైపు చూసింది. బావ తల ఎత్తలేదు. అప్పుడు తమ్ముడి వైపు తిరిగి, అతన్ని అసలు పేరు పెట్టి పిలిచింది.

"అత్తయ్యగారు అడుగుతున్నారు. ఎందుకు నవ్వారో చెప్పు."

అతను నోరు తెరిచాడు. ఎంతమంది లేచి ఎన్ని అడిగినా వేదిక మీద ఏనాడూ తడుముకోనివాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"చెప్పు," అంది అక్క మళ్లీ.

బావ చొక్కా పక్కన పెట్టాడు.

"వాణ్ణి తొందరపెట్టకు," అన్నాడు భార్యతో. "కాస్త ఊపిరి తీసుకోనివ్వు."

ఎగతాళిగా అనలేదు. స్కూటరు దగ్గర అన్నట్టే, రోజూ అన్నట్టే అన్నాడు. అదే అతను భరించలేకపోయాడు. ముఖం చేతుల్లో దాచుకున్నాడు. వాళ్లు ముగ్గురూ నిజంగానే ఆగారు. కాసేపటికి అతను చేతులు తీసి, కుర్చీ వైపు తిరిగాడు.

"అది బావ రాసిందే అత్తయ్యా. అందులో తప్పేం లేదు. నవ్వుతారని నేనే బావలా చేసి చూపించాను."

అత్తయ్య అతని గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. చెయ్యి చాపి, పక్కన తడిమి, కొడుకు భుజం అందాక దాని మీద పెట్టింది.

"టీవీ తీసెయ్యమ్మా," అంది కోడలితో.